బాగానే ఉంది గానీ, తెలిసిపోతోంది

ఒక మాట ఎక్కడిదో కనుక్కోవడానికి అద్దె సైకిలు మీద ముసునూరుదాకా తొక్కుకుంటూ వెళ్ళిన మూర్ఖుణ్ణి నేను. తీరా కనుక్కున్నాక, కనుక్కోకపోతేనే బాగుండేదని ఎదురుగాలిలో ఏడుస్తూ తిరిగొచ్చిన మూర్ఖుణ్ణి కూడా నేనే. ఎనభైల మొదట్లో సంగతి. ఆ రోజుల్లో ఉద్యోగం దొరకడం ఒక ఎత్తు, దొరికినదాన్ని జారిపోకుండా పట్టుకోవడం ఇంకో ఎత్తు. నూజివీడులో ఒక ప్రైవేటు హైస్కూలు వాళ్ళు నన్ను జూన్‌లో సోషల్ మాస్టారుగా తీసుకుని, మూడు నెలలు చూస్తామన్నారు. ఆగస్టు ఆఖరుకి నన్ను ఉంచాలో పంపాలో హెడ్మాస్టారు కమిటీకి రాయాలి. (చింతలపూడిలో మా వాళ్ళు మాత్రం అప్పటికే నన్ను హెడ్మాస్టార్ని చేసేశారు.)

నేను ఉద్యోగంలో చేరిన వారానికి ఒక మాట నా బుర్రలో చేరింది. ‘బాగానే ఉంది గానీ, తెలిసిపోతోంది.’ ఎవరన్నారో, ఏం తెలిసిపోతోందో గుర్తులేదు. ‘గానీ’ దగ్గర చిన్న ఆగడం, చివర ఒక నిట్టూర్పు, ఆ వరస మాత్రం చెక్కినట్టు మిగిలిపోయింది. మొహం కడుక్కుంటుంటే అదే, హాజరు పిలుస్తుంటే అదే, మొగలు చక్రవర్తులు ఒకరి తర్వాత ఒకరు గద్దె ఎక్కుతుంటే పక్కనే అదీ ఎక్కి కూర్చునేది. హోటల్లో సర్వరు ఉప్మా ఎలా ఉందని అడిగితే నా నోటివెంట అదే వచ్చింది. అతను వెంటనే ప్లేటు తీసేసి వేడివేడి దోసె తెచ్చిపెట్టాడు. (నాకు అప్పుడే అనుమానం రావలసింది. ఆకలి మీద ఉన్నవాడికి అనుమానాలు రావు.)

అంతవరకూ సరదాగానే ఉంది. ఆగస్టు పదిహేనుకి కొద్ది రోజుల ముందు, శుక్రవారం సాయంత్రం, హెడ్మాస్టారు తాను చదవబోయే ఉపన్యాసాన్ని స్టాఫ్‌రూములో మా అందరికీ ఒకసారి వినిపించారు. చదవడం అయ్యాక, కొత్తవాణ్ణి కదా అని నావైపు తిరిగి ఎలా ఉందయ్యా అన్నారు. నేను లేచి నిలబడి, ఎంతో వినయంగా, ‘గానీ’ దగ్గర ఆగి మరీ, ఆ మాట అనేశాను. తెలుగు పండితులు గారు కిటికీలోంచి గ్రౌండు చూడసాగారు. హెడ్మాస్టారు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

“ఏం తెలిసిపోతోందయ్యా?”

“ఏమోనండీ. ఆ మాట నాది కాదండీ. ఎక్కడో విన్నానండీ.”

“అయితే ఎక్కడ విన్నావో సోమవారంలోగా కనుక్కునిరా. నీ గురించి కమిటీకి రాసేది ఆ తర్వాత.”

ఆ శనివారం నేను కూర్చోలేదు, నుంచోలేదు. అద్దె గది ముందు వరండాలో పచార్లు చేస్తుంటే ఇంటిగల మామ్మగారు విసుక్కుని విషయం అడిగారు. చెప్పగానే ఆవిడ మొహం మారిపోయింది. మొన్న నాకు పోసిన చారు గురించి ఎవరితోనైనా అన్నానా అని నిలదీసి, కాదని నేను ఒట్టు పెట్టుకున్నాక శాంతించి, ఆ మాట తన పుట్టింటివైపు తోటలవాళ్ళు అంటారనీ, ముసునూరులో తన తమ్ముణ్ణి అడిగితే పూర్వాపరాలు చెబుతాడనీ చెప్పారు.

ఆదివారం పొద్దున్నే సైకిలెక్కాను. దారికి రెండుపక్కలా మామిడితోటలు, కాపు అయిపోయి ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాయి. మామ్మగారి తమ్ముడు, ఆయనా తాతగారే, తోటలో గట్లు వేయిస్తూ నా కథంతా విని, చాలాసేపు నవ్వారు. తోటలున్నవాళ్ళు కాయ కోసి వరిగడ్డిలో వేసి, దాని తీరిక కొద్దీ దాన్ని మాగనిస్తారట. బజారు కాయకి కార్బైడు పొట్లం పెడితే రెండు రోజుల్లో పైన పసుపు రాసుకున్నట్టు రంగు తిరుగుతుంది గానీ, టెంక దగ్గర పులుపు పోదు. ఎవరైనా అలాంటి పండు తెచ్చి మా తోటదే తినండని పెడితే, ఆ మనిషిని మొహం మీద అబద్ధాలకోరని అనలేక ఈ మాట అంటారట.

“అది ఎవరి సొంతమూ కాదు బాబూ, తోటలున్నోళ్ళందరం అంటాం. మిమ్మల్ని ఎవరో అని ఉంటారు. ఈమధ్య ఎవరికన్నా పళ్ళు పట్టికెళ్ళారా ఏంటి?”

పట్టుకెళ్ళాను. చేరిన వారంలో, హెడ్మాస్టారి ఇంటికి, బజార్లో కొన్న రెండు డజన్ల చిన్నరసాలు. మా తోటవేనండీ అని కూడా అన్నాను. (మాకు ఉన్నది పెరట్లో ఒక జామచెట్టు. అదీ కాయదు.) మామిడితోటల ఊరికి, మామిడితోట ఉన్న మనిషి ఇంటికి, బజారు పళ్ళు తోటవని చెప్పి మోసుకెళ్ళాను. ఆయన ఒక పండు పిండి, చప్పరించి, ఆ మాట అన్నారు. తోట ఎక్కడ, ఎన్ని ఎకరాలు అని అడుగుతారేమోనన్న భయంలో నాకు అర్థం బుర్రకెక్కలేదు, మాటా వరసా మాత్రం ఎక్కాయి.

సోమవారం హెడ్మాస్టారి గది ముందు రెండుసార్లు వెనక్కి తిరిగి మూడోసారి లోపలికి వెళ్ళాను.

“కనుక్కున్నావా?”

“మీ ఇంట్లోనేనండీ. ఆ పళ్ళు మా తోటవి కావండీ.”

ఆయన లేచి తలుపు దగ్గరగా వేశారు.

“అవి మీవి కావని నాకు తెలుసు. ఉపన్యాసం నాది కాదని నీకు తెలుసు. నీకు తెలిసిపోయిందని, అది రాసిన పండితులు గారికి చెప్పకు, బాధపడతారు. కూర్చో.”

నిజానికి నాకేమీ తెలియదు. ఆయన చెప్పేదాకా తెలియదు. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచి, ఆయన కమిటీ కాగితం ముందుకు లాక్కోవడం చూసి మూసుకున్నాను. నా జీవితంలో సరైన సమయానికి నోరు మూసుకున్నది అదొక్కసారే.

బుర్రలో మాట ఆ రోజుతో వదిలిపోయింది. మళ్ళీ అవసరపడింది ఐదేళ్ళకి. పండితులు గారు అప్పటికి రిటైరై మైలవరం వెళ్ళిపోయారు. తన రిటైర్మెంటు సభలో చదవడానికి హెడ్మాస్టారు నన్ను పక్కకి పిలిచి, నాలుగు ముక్కలు రాసివ్వవయ్యా అన్నారు. మూడు రోజులు కూర్చుని రాశాను. ఆయన చదివారు, అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుని, పూలదండ సర్దుకుంటూ, నావైపు వంగి ఎలా ఉందయ్యా అన్నారు.

అప్పుడు నేను ఆయన చెవి దగ్గరకి జరిగి, ‘గానీ’ దగ్గర ఆగవలసినంతసేపూ ఆగి, ఆయన మాట ఆయనకి అప్పజెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి కండువా కొసతో తుడుచుకోవడం మొదలుపెట్టారు. భుజాలు కదులుతున్నాయి. నవ్వారనే ఇప్పటికీ అనుకుంటున్నాను.