దసరా రంగు పూసిన కొక్కెం

మైసయ్య సూర్యాపేట మోటారు స్టాండులో బ్యాటరీలు ఛార్జి చేసేవాడు. యాసిడ్ చుక్కలు పడి అతని పంచె జల్లెడలా ఉండేది. బడి మెట్లెక్కినవాడు కాదు. యుద్ధం రోజుల్లో హైదరాబాదులో సైన్యం లారీల వర్క్‌షాపుకు నీళ్ళు మోస్తూ, మోస్తూనే పని చూసి నేర్చుకున్నాడు. ఎవరు నేర్పారని అడిగితే, “ముట్టుకోవద్దన్నోళ్ళే నేర్పిండ్రు” అనేవాడు.

నలభై తొమ్మిదిలో, దసరా వెళ్ళిన పదిరోజులకు, అతనికి మిర్యాలగూడ నుంచి కబురొచ్చింది. కాన్పుల బండిలో దీపం వెలగడం లేదట.

అది సైన్యం వదిలేసిన ట్రైలరు. చక్రాల మీద చిన్న గది. ఇనుప కొక్కెంతో లారీ వెనక తగిలించి ఊరూరా తిప్పేవారు. ఆ లారీ బ్యాటరీని ఛార్జి చేసేది మైసయ్యే. లోపల ఒక మంచం, నర్సు పుష్పాబాయి పడుకునే బల్ల, కప్పుకు ఒకే ఒక్క బల్బు. మైసయ్య మొదటి కొడుకు కిరసనాయిలు బుడ్డి పొగలో పుట్టి, పుట్టిన గడియకే పోయాడు. మెడకు పేగు చుట్టుకున్న సంగతి ఆ మసక వెలుగులో మంత్రసానికి కనపడలేదు. తర్వాతి బిడ్డ ఆండాలు ఈ బల్బు కింద పుట్టింది. ఆ పిల్లకు ఇప్పుడు ఎనిమిది నెలలు. నిద్రలో పిల్ల కాసేపు కదలకపోతే చాలు, మైసయ్య ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు.

అతను లారీ దిగేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. ట్రైలరు నీడలో పాలకీడు వైపు తండా నుంచి వచ్చిన సుక్కి నిండు నెలలతో కూర్చుని ఉంది. తలుపు దగ్గర దవాఖాన సూపర్వైజరు, బండిని వెనక్కి పంపాలన్న కాగితం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

“బ్యాటరీ ఖరాబు చేసినోడివి నువ్వేనట. మళ్ళ నువ్వే వచ్చినవా? పొద్దు గూకంగనే ఇది వాపస్ హైదరాబాద్ పోతది. ఖతం.”

“పొద్దు గూకలేదు గద సారూ.”

“గూకకపోతే?”

“గూకేదాక నేను కదల. బండి గూడ కదలదు.”

“మూడు బల్బులు మార్సినం, మైసన్నా. తీగ గూడ కొత్తదేసిండ్రు” అంది పుష్పాబాయి.

మైసయ్య బల్బు ముట్టుకోలేదు. డ్రైవరు తిరుపతయ్యను పిలిచి లారీ ముందు దీపాలు వేయించాడు. అవి ఎండలో కూడా కళ్ళలోకి కొట్టాయి.

“గీ దీపాలకూ గా గదికీ బ్యాటరీ ఒక్కటే. అది ఖరాబైతే ఇవెట్ల మండుతున్నయ్, సారూ?”

సూపర్వైజరు కాగితంతో విసురుకోసాగాడు.

“బండి నడుస్తుంటే దీపం ఎట్లుంటది, అక్కా?” అని మైసయ్య పుష్పాబాయిని అడిగాడు.

“మినుకుమినుకుమంటది. ఆగినమంటే ఆరిపోతది.”

నడిచేటప్పుడు కదిలేది ఏది? గదిలో ఏదీ కదలదు. మైసయ్య సంచీలోంచి రెండు తీగలు వేలాడే బల్బు తీశాడు. ఒక కొస గదిలోకి వచ్చే తీగకు, రెండో కొస గది ఇనుముకు ఆనించాడు. వెలగలేదు. ఆ రెండో కొసనే సాగదీసి లారీ ఇనుముకు ఆనించాడు. భగ్గున వెలిగింది.

అంటే కరెంటు గదిదాకా వస్తోంది. తిరిగి వెళ్ళే దారే లేదు. ఈ బండ్లలో వచ్చేందుకే తీగ ఉంటుంది. తిరిగి వెళ్ళేది ఇనుము వెంట, కొక్కెం మీదుగానే. మైసయ్య వంగి కొక్కెం చూశాడు. పచ్చరంగు దట్టంగా పూసి ఉంది. దాని మీద పసుపు, కుంకుమ.

“రంగు ఎవరేసిండ్రు?”

“నేనే వేశాను. దసరాకి ఆయుధపూజ చేయొద్దా? రెండు పూతలు వేశాను” అన్నాడు తిరుపతయ్య. అతనిది కోదాడ. మైసయ్య ఆకురాయి తీయగానే చెయ్యి అడ్డం పెట్టాడు. “పూజ చేసిన ఇనుమయ్యా అది. నువ్వు ముట్టుకుంటావా?”

“పూజ చీకటి కోసం చేసినవా, వెలుగు కోసం చేసినవా?”

“నీ కులమేంది, నువ్వు మాట్లాడేదేంది?” అన్నాడు సూపర్వైజరు.

“నా కులం బ్యాటరీకి తెల్వదు సారూ. సుక్కి కడుపుల ఉన్నదానికి గూడ తెల్వదు. చెయ్యి తీయి తిరుపతన్నా. తీయకుంటే చేతి మీదికెల్లే గీకుత.”

తిరుపతయ్య సుక్కి వైపు ఒకసారి చూసి, చెయ్యి తీసుకున్నాడు.

మైసయ్య కొక్కేన్ని ఊడదీసి గీకాడు. ఆకురాయి కింద రంగు పొట్టులా రాలింది. ఇనుము తెల్లగా తేలింది. కొక్కెం మళ్ళీ తగిలించగానే, తలుపు సందులోంచి వెలుగు సుక్కి కాళ్ళ మీద పడింది.

“ఇయ్యాల వెలిగింది. గుంతల రోడ్డు మీద రేపు ఆరితే?” సూపర్వైజరు కాగితం మడవలేదు.

మైసయ్య సంచీలో చెయ్యి పెట్టాడు. లావుపాటి రాగి తీగ ఒకటి తీసి, లారీ చట్రం నుంచి గది చట్రానికి బోల్టులతో బిగించాడు. తర్వాత కొక్కేన్ని ఊడదీసి కింద పడేశాడు. బల్బు రెప్ప కూడా వేయలేదు.

“కాగితం చింపుతవా సారూ, నన్ను చింపమంటవా?”

సూపర్వైజరు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. పుష్పాబాయి సుక్కి భుజం పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

తిరుపతయ్య గీతలు పడ్డ కొక్కేన్ని అంగీ అంచుతో తుడుస్తున్నాడు. మైసయ్య సంచీ భుజాన వేసుకున్నాడు.

“మళ్ళ దసరాకు మూడు పూతలేసుకో, తిరుపతన్నా. ఇగ దీపానికి నీ కొక్కెంతోటి పనిలేదు.”