బావకు మిగిలిన కోరిక

మొన్న ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర షేర్ ఆటో ఎక్కితే, పక్కనున్న అమ్మాయి ఫోన్‌లో ఎవరో ఉపన్యాసం దంచుతున్నాడు. రెండు వేల ఏళ్ల కిందట స్టోయిక్కులనే తత్వవేత్తలు ఉండేవారట. మన చేతిలో లేనిదాని గురించి బాధపడొద్దన్నారట. రోజూ పొద్దున లేవగానే, ఉన్నవన్నీ పోయినట్టు ఒకసారి ఊహించుకోవాలట. ఆటో డ్రైవర్ కూడా తల ఊపుతున్నాడు. నేను చెవి అటే వేశానని కనిపెట్టి, "మస్తు చెప్తుండు గదా అంకుల్?" అంది ఆ అమ్మాయి. "మా బావ గూడ గిట్లనే చెప్తుండె బిడ్డా" అన్నాను. ఇంకా చెప్పేవాణ్ణే, ఇంతలో రామంతాపూర్ వచ్చేసింది. అక్కడ ఆగిన మాట ఇక్కడ చెబుతున్నాను.

మా బావ, అంటే మా అక్క మొగుడు, నాచారంలో ప్లాస్టిక్ డ్రమ్ములు చేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. ఉప్పల్ పాత ఊళ్లో సొంత మేడ. ఆయన కోపం సంగతి అడక్కండి. పప్పులో ఉప్పు తక్కువైతే కంచం కిటికీలోంచి వీధిలో పడేది. ఆ వేళకు వీధిలో జనం అవతలి గోడవారగా నడవడం నేర్చుకున్నారు. ఒకసారి ఫ్యాక్టరీవాళ్లు, పనివాళ్ల ఆవేశాలు తగ్గాలని ఒక ట్రైనర్‌ను పిలిపించారు. ఆయన ఈ స్టోయిక్కుల కబుర్లు చెప్పి, తలా ఒక పలుచటి తెలుగు పుస్తకం పంచి వెళ్లాడు. మిగతావాళ్లు అందులో మిర్చిబజ్జీలు పెట్టుకు తిన్నారు. మా బావ చదివాడు. అదే మా కొంప ముంచింది.

మొదట్లో సంతోషించాం. కంచాలు ఎగరడం ఆగింది. చన్నీళ్ల స్నానం, చాప మీద పడక, కూర లేకుండా అన్నం. "కోపం మన చేతుల ఉన్నది బామ్మర్దీ. వాన మన చేతుల లేదు" అనేవాడు. ఎంత బాగుంది మాట అనుకున్నాను. ఎవరికి వాళ్లు తమకు చెప్పుకోవడానికి రాసిన పుస్తకమది. మా బావ ఇంట్లో కూడా సూపర్‌వైజరే కదా, దాన్ని పెళ్లాం మీద అమలు చేశాడు. అక్కకు పన్ను నొప్పి పుడితే "నొప్పి పన్నుకు, నీకు గాదు" అని పాఠం చెప్పాడు. దవడ వాచి కన్ను మూసుకుపోయేదాకా దవాఖానాకు తీసుకుపోలేదు. పొద్దున చాయ్ గ్లాసు అందుకుంటూ "ఇయ్యాల నేను సచ్చిన అనుకో. ఏం జేస్తవ్?" అని రోజూ అడిగేవాడు. "చాయ్‌ల ఒక చెంచా చక్కెర తక్కువేస్త" అనేది అక్క. కొన్నాళ్లకు ఆ జవాబు కూడా మానేసింది.

ఇలా ఉండగా రామంతాపూర్‌లో, నా ఇంట్లో, మా అమ్మ పోయింది. మా వైపు చావింట్లో ఆడవాళ్లు మెడలు పట్టుకుని, పోయినవాళ్ల మంచీ చెడ్డా అంతా చెప్పుకుంటూ శోకం పెడతారు. కన్నబిడ్డ వచ్చి ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. అక్క ఆటో దిగి గుమ్మందాకా పరుగెత్తుకొచ్చింది. నోరు తెరిచింది. వెనకే వచ్చిన బావ ఆమె భుజం పట్టుకుని, కోపం అన్నదే లేకుండా అన్నాడు: "అమ్మ పోయింది అనొద్దు. వాపస్ ఇచ్చినం అనాలె. ఒక్క సుక్క రాలిందా, నేను చెప్పిందంత బూడిదల వోసిన పన్నీరే." అక్క నోరు మూసుకుంది. ఆమె గొంతు ఏదో కష్టంగా మింగడం నేను కళ్లారా చూశాను. ఆ రోజూ ఏడవలేదు, పదో రోజూ ఏడవలేదు. వెళ్లేటప్పుడు, అమ్మ ఎప్పుడూ నడుముకు దోపుకునే వక్కాకు సంచి మాత్రం అడిగి తీసుకుంది.

"తల్లి సస్తే కంట తడి లేదు, ఆడిదా రాయా?" అన్నారు మా మేనత్తలు, అక్కకు వినబడేటట్టే. వాళ్లంటే అన్నారు. అన్నీ చూసిన నేనేం చేశాను? బావను పల్లెత్తు మాట అనలేదు. "ఇగ నా గడప తొక్కకు" అని అక్కను అన్నాను. బతుకమ్మకు పుట్టింటికని వస్తే తలుపు తీయలేదు. కాసేపు నిలబడి, తెచ్చిన సత్తుపిండి డబ్బా గుమ్మంలో పెట్టి వెళ్లిపోయింది. నాలుగేళ్లు అలాగే గడిచాయి.

ఆ బావకే పోయిన ఏడు కిడ్నీలు చెడ్డాయి. కబురు వస్తే దవాఖానాకు వెళ్లాను. మనిషి సగమయ్యాడు. సూది చూస్తే చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు, నర్సమ్మ కొంగు వదలడం లేదు. ఆ పలుచటి పుస్తకం దిండు కింద ఉంది, మందుల చీటీలు పెట్టుకోవడానికి. నేనుండగానే అక్కను పిలిచి అడిగాడు: "నేను వోతే ఏడుస్తవానే? జర ఏడువు. గదొక్కటే అడుగుతున్న." అక్క ఆయన మూతి తుడుస్తూ, చాలా మెత్తగా, "నువ్వే చెప్తివి గద. వాపస్ ఇస్త" అంది. నిజం చెప్పొద్దూ, నాకు లోపలెక్కడో చల్లగా అనిపించింది. ఆయన మొహం గోడకు తిప్పుకున్నాడు. రెండు రోజులకు పోయాడు.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాడికి ఇష్టమైనవి వండి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అదేమిటో కనుక్కుని తీరుస్తామని మాటివ్వాలి. శ్మశానంలో చోటు ఇరుకని మేడ మీదే పెట్టారు, అన్నం, యాటకూర, ఆయన మానేశానని చెప్పుకున్న కల్లు. ఉప్పల్‌లో ఇప్పుడు కాకులెక్కడివి! పావురాలు వచ్చి పిట్టగోడ మీద బారు తీరాయి. ఎప్పటికో ఒక్క కాకి వచ్చి, నీళ్ల ట్యాంకు మీద కూర్చుని మమ్మల్నే చూస్తోంది. "వదినెను మంచిగ సూసుకుంటం అన్నా" అన్నాడు బావ తమ్ముడు. కదల్లేదు. "మేడ అమ్మం, పో" అన్నాడు. కదల్లేదు. "ఏ ఆశ లేని మనిషాయె, గాయనకేం కోరిక మిగిలెనో!" అంది మా పెద్ద మేనత్త. అది తెలిసింది అక్కకూ నాకూ మాత్రమే. అక్క కళ్లు పొడిగా ఉన్నాయి. "ముట్టకుంటె ముట్టకపాయె. కాకి మన చేతుల ఉంటదా?" అని లేచి మెట్లు దిగిపోయింది. మేనత్తలు ముక్కున వేలేసుకున్నారు.

బతిమాలి తీసుకొద్దామని వెనకే వెళ్లాను. గదిలో బీరువా తెరిచి ఉంది. అక్క నేల మీద కూలబడి, అమ్మ వక్కాకు సంచిని మొహానికి అదుముకుని ఉంది. నేను చూస్తుండగానే శోకం ఎత్తుకుంది. ఇల్లు అదిరిపోయింది. నాలుగేళ్ల కిందట గుమ్మంలో మింగిందంతా బయటికొచ్చింది. నన్ను చూసి, "నువ్వు గూడ తలుపు తియ్యకపోతివి గదరా తమ్మీ" అంది.

అప్పుడే పైన ఒక్కసారిగా కేకలు. "ముట్టింది! ముట్టింది! పెండ్లాం ఏడ్పు విన్నడు, ఆయన కోరిక తీరింది!" అంటూ మేనత్తలు కళ్లొత్తుకుంటూ దిగి వచ్చి, అక్క మెడ పట్టుకుని శోకం అందుకున్నారు. మొగుడంటే ఎంత ప్రాణమో అని వీధంతా మెచ్చుకుంది.

అమ్మకు రావలసిన ఏడుపు అలా బావ పేరు మీద పోయింది. ఆ కన్నీళ్లు ఎవరివో నేను ఇప్పటికీ మావాళ్లెవరికీ చెప్పలేదు. నేను నోరు తెరవాల్సిన రోజు అంతకు నాలుగేళ్ల ముందే, మా గుమ్మంలో, నా కళ్ల ముందే దాటిపోయింది.