పలకపొడి, తడిగోనె

మార్కాపురంలో ఏ కిటికీ మీద వేలు పెట్టి గీసినా, పలకల గనుల నుంచి లేచే పలకపొడి అంటుకుంటుంది. ఆ పొడిని ఎవరూ పట్టించుకోరు. వాజిద్ కూడా పట్టించుకోలేదు. అదే కొంప ముంచింది.

వాజిద్ ఆన్‌లైన్ పరీక్షలు జరిపే ఒక ప్రైవేటు సెంటర్‌లో కంప్యూటర్లు చూసుకునే మనిషి. నలభై రెండేళ్లుంటాయి. కాలేజీ చదువు కాదు, తండ్రి బుడే సాహెబ్ దగ్గర టీవీలు బాగుచేస్తూ నేర్చుకున్న పని. పాడైన యంత్రం పక్కన కూర్చున్నాడంటే రోగం తెలిసేదాకా లేవడు. పరీక్షకు పదిహేను రోజుల ముందు సర్వర్‌లోని నెట్‌వర్క్ కార్డు, అంటే హాల్లోని ముప్పై కంప్యూటర్లనూ బయటికి కలిపే బిళ్ల, విపరీతంగా వేడెక్కుతోందని కనిపెట్టాడు. ఆ కార్డులోనే వేడిని చూపే సెన్సార్ ఉంటుంది. దాని అంకె తొంభై డిగ్రీలు దాటింది. కొత్త కార్డు తెప్పించమంటే యజమాని ఓబులయ్య, "ఈ పరీక్ష అయిపోనీయప్పా" అన్నాడు.

సరే, ఎండాకాలం మన ఊళ్లో ఏం చేస్తాం? గోనెసంచి తడిపి కిటికీకి కట్టి, గాలి సర్వర్ మీదికి వచ్చేట్టు ఫ్యాను పెట్టాడు. అంకె డెబ్బైకి దిగింది. అబ్బో, ఆ రోజు చూడాలి వాజిద్ మొహం! ఇంటికెళ్లి భార్య జాహిదాకి రెండుసార్లు చెప్పుకున్నాడు.

పరీక్ష రోజు పొద్దున గేటు దగ్గర హాల్‌టికెట్లు చూస్తుంటే, హనుమంతునిపాడు నుంచి వచ్చిన రాధాకుమారి భయంభయంగా పలకరించింది. "అన్నా, నాకు కంప్యూటర్ కొత్త. వయసు దాటిపోతుండాది, ఈ ఉద్యోగానికి ఇదే ఆఖరుసారి."

"నేనుండా గదమ్మా, భయపడమాక," అన్నాడు వాజిద్.

పదకొండింటికి సెన్సార్ చూస్తే ఎనభై ఎనిమిది. గోనె తడిపాడు. తొంభై మూడు. మళ్లీ తడిపాడు. తొంభై ఏడు! ఇదేం చోద్యం? సర్వర్ పక్క మూత తీసి టార్చి కొట్టి చూశాడు. కార్డు మీది అల్యూమినియం రెక్కల మధ్య పలకపొడి తేమకు బురదై, ఎండి గట్టిపడిపోయి ఉంది. గాలి దూరే సందు లేదు. పదిహేను రోజులుగా ఆ బురద కలిపిపెట్టింది తానే.

గీకాలంటే కార్డు ఆపాలి. ఆపితే పరీక్ష ఆగుతుంది. వదిలేస్తే కార్డే ఆగుతుంది. బ్రష్షు చేత్తో పట్టుకుని, అంకె వంక చూస్తూ నిలబడిపోయాడు పాపం. "యా అల్లా, ఇంకొక్క గంట," అని బతిమాలుకున్నాడు. నూట రెండు. నూట నాలుగు. నూట అయిదు దగ్గర కార్డు తనంతట తానే ఆగిపోయింది, మళ్లీ పనిచేయలేదు.

హాల్లో ఒకటే గోల. హెడ్డాఫీసుకు ఫోన్ చేస్తే అవతలి మనిషి మర్యాదగానే చెప్పాడు. అప్పటిదాకా సేవ్ అయిన జవాబులే లెక్కట, మళ్లీ పరీక్ష పెట్టరట. వాజిద్ కాళ్లావేళ్లా పడ్డాడు. అవతల ఫోన్ పెట్టేశారు.

అందరూ ఓబులయ్య మీదికి ఎగబడుతున్నారు. రాధాకుమారి మాత్రం కుర్చీలోంచి లేవలేదు. వాజిద్ దగ్గరికి రాగానే గొంతు తగ్గించి అడిగింది. "అన్నా, నేనేమన్నా తప్పు నొక్కినానా? నా వల్ల అందరిదీ పోయిందా?"

"నువ్వు కాదు తల్లీ. తప్పు నాది. నేను చేసిన పనికే కార్డు పోయింది."

"నేను బాధపడతానని ఊరికే అంటుండావులే అన్నా," అంది. వాజిద్ మళ్లీ చెప్పబోయేలోపే లేచి నిలబడి, అరుస్తున్న వాళ్లందరి వైపూ తిరిగి క్షమించమని చేతులు జోడించింది.