పెద్దమ్మ కట్టేయించిన వాల్వు

మొన్న కొత్తపేటలో మా ఇంటి మీద పైఅంతస్తు పని జరుగుతుంటే, పైపులు వేసే ప్లంబరు మేడ మీద నుంచి తొంగి చూసి, “అమ్మగారండీ, మెట్ల దగ్గర ఒక వాల్వు పెట్టేం కదండీ. మళ్లీ ట్యాంకుని ఆనుకుని ఇంకోటి ఎందుకండీ, దండగ కదండీ?” అని అడిగాడు. దండగ కాదు, ఉండాల్సిందే అన్నాను. “ఆయ్, అలాగేనండీ,” అన్నాడు గానీ, వయసు మళ్లుతున్న టీచరమ్మ చాదస్తం కింద జమ కట్టాడని ఆ గొంతులోనే తెలిసిపోయింది. అనుకోనీ. ఆ చాదస్తం నాది కాదు, మా పెద్దమ్మది. ఆవిడకి అది మంచు కొండల్లో అంటుకుంది.

మా పెద్దమ్మ మిలిటరీ ఆస్పత్రిలో నర్సు. మా ఇళ్లల్లో చదువుకున్న మొదటి ఆడపిల్ల. మిషనరీ ఆస్పత్రిలో ట్రైనింగయ్యి, మా తాతగారు ఎంత బతిమాలినా వినకుండా, నీళ్లు రాయయ్యే చోటికి ఉద్యోగానికి వెళ్లిపోయింది. సెలవులకి వచ్చినప్పుడు మా పిల్లలందరికీ ఆ చలి కథలే. సాయంత్రమయ్యేసరికి క్వార్టర్స్‌లో పైపులన్నిటికీ పాత కంబళ్లు చుట్టడం, కుళాయిని సన్నగా కారేలా వదలడం, మరీ చలైతే వాల్వు కట్టేసి పైపులో ఉన్న నీళ్లన్నీ వంపెయ్యడం, ఇదంతా అక్కడ దీపం పెట్టడమంత మామూలు పనట. నీళ్లు గడ్డ కడితే ఉబ్బుతాయనీ, ఇనప పైపు కూడా నిలువునా చీలిపోతుందనీ చెబితే మేము పగలబడి నవ్వేవాళ్లం. చలంటే మఫ్లరు చుట్టుకుని వేడి వేడి ఇడ్లీ తినడం అని మాత్రమే తెలిసిన వాళ్లం మరి. మా పెదనాన్నగారు తెలుగు పండితులు, ఏ మాటనీ ఊరికే పోనివ్వరు. “మీ సిస్టరు గారు చెప్పేది ఏమిటంటేరా, అక్కడ పైపులక్కూడా కడుపుబ్బరం వస్తుందన్నమాట,” అనేవారు. భార్యని ఆయన పిలిచేది అలాగే, సిస్టరు గారూ అని. ఊరంతా కూడా ఆవిణ్ని సిస్టరమ్మ గారనే పిలిచేది.

రిటైరయ్యాక ఇద్దరూ కాట్రేనికోన దగ్గర ఒక పల్లెలో చిన్న స్లాబు ఇల్లు కట్టుకున్నారు. సముద్రపు గాలి తగిలే ఊరు. బోరు వేస్తే ఉప్పు నీళ్లే. పంచాయతీ కుళాయిలో వచ్చే మంచినీళ్లని సంపులో పట్టి, మోటారుతో మేడ మీది ట్యాంకుకి ఎక్కించుకోవాలి. గృహప్రవేశానికి వెళ్లిన మాకు ముందు కనబడింది, మేడ మీద పైపుల నిండా చుట్టిన గోనె పట్టాలు. పక్కింటి ఆవిడ, మేము వదినగారని పిలిచే మనిషి, ఉండబట్టలేక అడిగేసింది: “సిస్టరమ్మ గారండీ, పైపులకి జ్వరమాండీ?” ఎండకి ప్లాస్టిక్కు పెళుసెక్కి విరిగిపోతుందని పెద్దమ్మ జవాబు. మాకు మాత్రం, చేతులు అలవాటు మానలేకే చుట్టాయనిపించింది.

చాలా ఏళ్ల కిందట ఒక తుపానప్పుడు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. మా చెల్లెలు ఆపరేషనయ్యి, పసివాడితో పెద్దమ్మ దగ్గరికి వచ్చి ఉంది. అమ్మ లేదు కాబట్టి మాకు పుట్టిల్లు అదే. నర్సు ఇంట్లో బాలింతకి ఇంకేం భయమని అందరం నిశ్చింతగా ఉన్నాం. వంటా వార్పూ చూడ్డానికి నేను సెలవు పెట్టి వెళ్లాను. వెళ్లాక తెలిసింది, తుపాను మన వైపే తిరిగిందని. తాటాకిళ్ల వాళ్లని తుపాను షెల్టరుకి తరలిస్తున్నారు. చెల్లెలి కుట్లు పచ్చిగా ఉన్నాయి, ఆ గతుకుల రోడ్డు మీద ఆటోలో కదపడానికి వీల్లేదనీ, ఇల్లు గట్టిది, మెరక మీద ఉంది కాబట్టి ఇక్కడే ఉందామనీ పెద్దమ్మ తేల్చేసింది. వదినగారి కుటుంబాన్ని కూడా మా ఇంటికే వచ్చెయ్యమంది.

ఇంక ఆ పొద్దున్న మొదలైంది చూడండి, ఆవిడ హడావిడి! గొంతు పెంచకుండా, వార్డులో పేషెంట్లని సర్దినట్టు పనులన్నీ సర్దేసింది. కరెంటు ఉండగానే సంపులో ఉన్నవన్నీ తోడి ట్యాంకు నిండా నీళ్లు ఎక్కించింది. నిండు ట్యాంకు అయితే గాలికి ఎగిరిపోదని కూడానట. బిందెలూ గంగాళాలూ నింపించింది. వదినగారి ఆయన చేత మోటారు ఊడదీయించి మంచం మీద పెట్టించింది. వరద నీరు దిగకుండా సంపు మూత చుట్టూ పట్టా కప్పి, బంకమట్టి మెత్తించింది. మోటారుకి దుప్పటి కూడా కప్పుతుంటే పెదనాన్నగారు, “ఇంట్లో బాలింతలు ఇద్దరయ్యేరు,” అన్నారు. ఎవరూ నవ్వలేదు.

ఆఖరున ఆవిడ, “ఏవండీ, ట్యాంకు కింద వాల్వు కట్టెయ్యాలి,” అంది.

“నిండా నీళ్లు పెట్టుకుని కట్టెయ్యడం దేనికే?”

“చెట్టు పడి పైపు విరిగిందంటే బొట్టు మిగలదండీ. పైపు విరక్కుండా ఆపడం మన వల్ల కాదు. విరిగినా నీళ్లు పోకుండా ఆపొచ్చు. ఒక శీతాకాలం అక్కడ మంచు పడి కరెంటు పోతే, పైపులు చీలిన సంగతే మాకు తెలీలేదు. ఎండొచ్చి కరిగేక చూస్తే వార్డంతా వరద, ట్యాంకులో చుక్క లేదు. అప్పుడే పుట్టిన పిల్లకి ఒళ్లు కడగడానికి పొయ్యి మీద మంచు కరిగించేను. ఇక్కడ కరిగించుకోడానికి మంచు కూడా లేదు.”

వాల్వు ఉన్నది మెట్ల గది నెత్తిన, ఇనప నిచ్చెనెక్కి వెళ్లాలి. ఎత్తంటే పెదనాన్నగారికి చచ్చేంత భయం. బల్బు మార్చడానికి స్టూలెక్కితేనే అందరూ పట్టుకోవాలి. వదినగారి ఆయన సంపు దగ్గర మట్టిలో మోకాళ్ల దాకా ఉన్నాడు. పిలుద్దామనుకునేలోపే పెదనాన్నగారు పంచె ఎగ్గట్టి, కొబ్బరినూనె గిన్నె ఒక చేత్తో పట్టుకుని, నిచ్చెనెక్కేశారు. గాలి అప్పటికే ఈల వేస్తోంది. నిచ్చెనని నేనూ పెద్దమ్మా పట్టుకున్నాం. ఆయన పైన బోర్లా పడుకుని, కళ్లు మూసుకుని వాల్వు తడుముతున్నారు.

ఇల్లు కట్టాక ఆ వాల్వు తిప్పిన పాపాన ఎవరూ పోలేదు. చిలుం పట్టి బిగుసుకుపోయింది. నూనె పోశారు, తువ్వాలు చుట్టి తిప్పారు, దేవుణ్ని తలుచుకున్నారు, పండితులు అనకూడని మాట కూడా ఒకటి అన్నారు. కిర్రుమని తిరిగింది. వంటింట్లో కుళాయి విప్పి చూడమని పెద్దమ్మ నన్ను పరిగెత్తించింది. ధార సన్నబడింది గానీ ఆగలేదు, పెన్సిలంత లావున వస్తూనే ఉంది. మేడ మీదికొచ్చి అదే కేకేసి చెప్పి, మళ్లీ నిచ్చెన పట్టుకున్నాను. ఇంకా తిప్పబోతే కదలడం లేదన్నారు ఆయన. ఇంతలో గాలి ఒక్క విసురు విసిరేసరికి నిచ్చెన మా చేతుల్లో ఊగింది. “చాలు, దిగిపోండి! నీళ్లకంటే మీరు ముఖ్యం!” అని అరిచింది పెద్దమ్మ. ఆవిడ అరవగా వినడం మాకదే మొదలు.

మధ్యాహ్నానికి కరెంటు పోయింది, తుపాను మీద పడింది. అందరం నడిమి గదిలో కూర్చున్నాం. ఆ హోరు గురించి రాయడం నాకు చేతకాదు. ఒకరి మాట ఒకరికి వినబడాలంటే చెవిలో చెప్పాలి. పసివాడు మాత్రం చెల్లెలి ఒళ్లో హాయిగా నిద్రపోయాడు. ఉన్నట్టుండి మేడ మీద ఏదో విరుచుకుపడింది, గోడలు అదిరాయి. ఆ తర్వాత వెనక గోడ వెంట ధారగా నీళ్లు జారుతున్న చప్పుడు. వానో, ట్యాంకో! పెద్దమ్మ వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. చుక్క రాలేదు. పైపు విరిగిందన్నమాట.

చెల్లెలు ఏడుపు మొదలెట్టింది. బిందెల్లో నీళ్లు ఇంతమందికి ఎంతసేపు? పెదనాన్నగారు పాపం తలొంచుకుని, “ఇంకొక్క చుట్టు తిప్పలేకపోయేనే,” అన్నారు. పెద్దమ్మ ఆయన పక్కన చతికిలబడి, చిలుం అంటిన అరచేతుల మీది బొబ్బలకి మందు రాస్తూ, “మీరు ఎక్కడమే చాలండీ,” అంది. ఆ హోరులో ఆ మాట నాకెలా వినబడిందో ఇప్పటికీ తెలీదు. పక్కనే కూర్చున్నానేమో.

సాయంత్రానికి గాలి తగ్గింది. ఇంకా వెలుతురుండగానే మేడ మీదికి వెళ్లాం. పెరటి కొబ్బరిచెట్టు తలకాయ పిట్టగోడ మీద పడి ఉంది. దాని కింద పైపు ముక్కలు ముక్కలు. ట్యాంకు కింద వాల్వు మాత్రం అలాగే ఉంది, విరిగిన కొసలోంచి సన్నటి ధార కారుతూ. అది ఎన్ని గంటలుగా కారుతోందో! వదినగారి ఆయన నిచ్చెనెక్కి, ట్యాంకు అడుగు నుంచి వేళ్ల కణుపులతో కొట్టుకుంటూ పైకి వచ్చాడు. మొద్దు మొద్దుగా చప్పుడు. ఇంకొంచెం పైకి. మళ్లీ మొద్దుగానే. కింద అందరం ఊపిరి బిగబట్టాం. నడుం దాటింది, భుజం దగ్గరికొచ్చింది, అప్పుడు మోగింది, ఖాళీగా, డొల్లగా.

“ముప్పాతిక ఉన్నాయండీ!” అని అరిచాడు.

పెదనాన్నగారు మెట్ల మీద కూలబడి చిన్నపిల్లాడిలా నవ్వారు. పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది, అంతే. ఆ విరిగిన కొసకి రబ్బరు గొట్టం కట్టి, చివర మడిచి తాడు బిగించారు. కరెంటు రావడానికి చాలా రోజులే పట్టింది. అన్నాళ్లూ పంపకం పెద్దమ్మదే. తాగడానికి ముందు, వంటకి తర్వాత, బట్టలకి వాన నీళ్లు. షెల్టరు నుంచి తిరిగొచ్చిన వీధి వాళ్లు బిందెలతో వస్తే ఎవర్నీ ఉత్త చేతుల్తో పంపలేదు. నీళ్ల ట్యాంకరు మా వీధిలోకి వచ్చిన రోజుకి మా ట్యాంకులో ఇంకా అడుగున మిగిలాయి.

నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది ఆ మర్నాటి పొద్దున్న. పెరట్లో విరిగిన కొమ్మలు ఏరి పొయ్యి రాజేసి, నీళ్లు కాచి, పెద్దమ్మ కాళ్లు బారజాపుకుని, పసివాణ్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని స్నానం చేయించింది. వాడు ఆవలించాడు. పెదనాన్నగారు బొబ్బలెక్కిన చేతులతోనే చెంబు అందిస్తూ, “సిస్టరు గారూ, ఇంకో చెంబు పొయ్యొచ్చాండీ, రేషనా?” అన్నారు. ఈసారి అందరం నవ్వాం, కుట్లు పట్టుకుని చెల్లెలు కూడా. ఇప్పుడు పెద్దమ్మ లేదు, పెదనాన్నగారూ లేరు, ఆ పసివాడికి మీసాలొస్తున్నాయి. ఆ మధ్యాహ్నం గంటలు ఎంతకీ కదల్లేదని అప్పుడు అనుకున్నాం గానీ, తలుచుకుంటే ఇప్పుడు ఆ భయం ఆనవాలు కూడా దొరకడం లేదు. భయపడ్డ గంటలన్నిటినీ కాలం తన వెంట తీసుకుపోయింది, ఊపిరి పీల్చుకున్న ఆ కాసేపటిని మాత్రం మాకు వదిలేసింది.