అనంతగిరి దాకా బబ్బెర

మా గోదాంలో పప్పు చెరిగే ఆడవాళ్ళలో కాశమ్మ నోటికి జడవని వాళ్ళు లేరు. యజమాని వైకుంఠం సేటును సైతం "ఇగో సేటూ, కందులు కొన్నవా, గుట్ట కొన్నవా? సగం రాళ్ళే ఉన్నయ్" అని మొహం మీదే అడిగేది. నేను అక్కడ గుమాస్తాను కాబట్టి నాకూ రోజుకొక వాత తప్పేది కాదు. అలాంటి మనిషిని ఓ చిన్న కుక్క మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

ఆ కుక్క నిజానికి ఆమెది కాదు, మొగుడు రాజన్నది. రాజన్న మా దగ్గరే హమాలీ. డెబ్బై రెండులో అనుకుంటాను, వానల్లో బస్తాల సందున వణుకుతూ కనబడితే చొక్కాలో పెట్టుకుని ధూల్‌పేటలో ఇంటికి తీసుకుపోయాడు. తెల్లటి ఒళ్ళు, ఒక కంటి చుట్టూ నల్ల మచ్చ. అచ్చం బబ్బెర గింజలా ఉందని బబ్బెర అని పేరు పెట్టాడు. ఎంత తిన్నా పిల్లి కంటే పెద్దది కాలేదు. పిల్లలు లేని ఇల్లు. రాజన్న కంచంలో మొదటి ముద్ద దానిదే. "నన్ను జేస్కున్నవా, కుక్కను జేస్కున్నవా?" అని కాశమ్మ అరిచేది. అరుస్తూనే దానికి పాలు కొనుక్కొచ్చేది.

తర్వాత రాజన్నకు దగ్గు పట్టుకుంది. క్షయ అన్నారు. వికారాబాద్ అవతల అనంతగిరి గుట్ట మీది దవాఖానాలో చేర్చుకున్నారు. ఏడాది పైనే ఉండాలి, సూదులు మధ్యలో మానితే మనిషి దక్కడు అని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు.

సేటు గురువారం గురువారం కందుల బేరానికి అంబాసిడర్‌లో తాండూరు పోయేవాడు. వికారాబాద్ దారిలోనే కాబట్టి కాశమ్మను వెనక సీట్లో ఎక్కించుకుని పొద్దున గుట్ట మీద దింపి, సాయంత్రం మళ్ళీ తీసుకొచ్చేవాడు. సేటు మంచివాడే, కాకపోతే చేసిన మంచి గంజ్ బజారంతా తెలిసేదాకా ఆయనకు నిద్ర పట్టదు.

రాజన్న వారం వారం బబ్బెర గురించే అడిగేవాడు. తింటున్నదా, రాత్రి ఎక్కడ పడుకుంటున్నది, తనకోసం చూస్తున్నదా. కాశమ్మకు ఒళ్ళు మండేది. ఇంత దూరం కార్లో ఎగిరెగిరి పడుతూ వచ్చిన పెళ్ళాం ఎదురుగా ఉంటే కుక్క ముచ్చటేమిటి అని. మొగుడి మీద ఆమెకు అంత మనసు ఉంది మరి. పైకి మాత్రం "మంచిగనే ఉన్నది నీ కుక్క, సావలే" అనేది.

చలికాలం రాగానే ఒక గురువారం రాజన్న బట్టలు మూటగట్టి కూర్చున్నాడు.

"నాతోని గాదు కాశమ్మా. దాన్ని చూడక పాణం కొట్టుకుంటుంది. నీతోని ఇంటికొస్త."

"మల్ల సూదులో?"

"ఏమైతే గదైతది."

మొండివాడు, అన్నంత పనీ చేస్తాడు. కాశమ్మ మూట లాక్కుని, "నువ్వు రాకు, దాన్నే నేను తోల్కొస్త. అప్పటిదాంక కదలనని నా మీద ఒట్టెయ్యి" అంది. వేశాడు.

మరుసటి గురువారం కాశమ్మ తెల్లారకముందే లేచి అన్నం వండి, పెరుగు కలిపి, బబ్బెరకు కడుపునిండా పెట్టి కారెక్కించింది. లంగర్‌హౌజ్ దాటారో లేదో ఆ పెరుగన్నమంతా సేటు సీటు వెనక, సేటు విప్పి పెట్టుకున్న చెప్పుల్లోకి వచ్చేసింది.

"ఇంక కుక్కన్నా ఎక్కాలె, నేనన్నా ఎక్కాలె" అన్నాడు సేటు, చెప్పుల వంక చూస్తూ.

దాన్ని అక్కడే వదలలేక కాశమ్మ కూడా దిగిపోయి, కుక్కను భుజాన వేసుకుని ధూల్‌పేటకు నడిచింది. గుట్ట మీద రాజన్న ఆ రోజంతా గేటు దగ్గరే నిలబడ్డాడట.

అప్పుడు సేటు డ్రైవర్ సీమోను సాయానికి వచ్చాడు. రాజన్నను అన్నా అని పిలిచేవాడు, కాశమ్మను వదినె అనేవాడు. రోజూ సాయంత్రం గోదాం వాకిట్లో కారు కడిగేటప్పుడు కుక్కను తీసుకురమ్మన్నాడు. ముందు ఇంజన్ స్టార్టు చెయ్యకుండా ఊరికే కూర్చోబెట్టారు. బబ్బెర వణుకుతూ చొంగ కార్చేది. కాశమ్మ సీటు వదిలి కింద కూలబడి దాన్ని ఒళ్ళో పెట్టుకునేది. వణుకు తగ్గాక ఇంజన్ స్టార్టు చేసి కారును ఆగిన చోటే ఉంచాడు. ఆ తర్వాత పురానాపూల్ వంతెన దాకా మెల్లగా పోయి రావడం. కుక్కకు కారు నేర్పుతున్నారని హమాలీలు ఒకటే నవ్వులు. నేనూ నవ్వాను, ఎందుకు దాచడం.

సీటు మీదైతే అటూ ఇటూ జారి బెదురుతోందనీ, కింద కాళ్ళ మధ్యనైతే కుదురుగా ఉంటోందనీ కనిపెట్టారు. అద్దం దించితే గాలికి కాస్త తేరుకునేది. అయినా వంతెన దాటేసరికి కక్కడం మాత్రం మానలేదు.

"ఏం పెడుతున్నవ్ వదినె దీనికి?" అన్నాడు సీమోను.

"పెరుగన్నం. ఇంట్లకెళ్లి పోయేటోళ్ళకు పెట్టే తోలాలె గద."

"మా ఇంటామె తిని బస్సెక్కితే గింతే. ఏం తినకుంటే మంచిగుంటది. దీన్ని గూడ ఖాళీ కడుపుతోని తోల్కపోదాం."

కాశమ్మ మొహం మాడిపోయింది.

"గది నాతోని గాదు. ఆయన దవాఖానకు పోయిన దినం నువ్వే గద తోల్కపోయినవ్. అన్నం పొయ్యి మీదనే ఉండె. నువ్వు హారన్ కొట్టినవ్, తినకుంటనే ఎక్కిండు. గందుకే ఇంకా ఇల్లు చేరలే."

సీమోను చాలాసేపు గుడ్డతో అద్దం తుడిచాడు.

"గట్లయితే వద్దులే. అన్న సూదులిడిసి వస్తడు. అప్పుడు పెట్టు పెరుగన్నం."

ఆ వచ్చిన గురువారం కాశమ్మ పొయ్యి వెలిగించలేదు. బబ్బెర పొయ్యి చుట్టూ తిరిగి కుయ్యోమంటుంటే తానూ పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా కారు దగ్గరికి వచ్చింది.

"మల్ల కక్కితే?" అన్నాడు సేటు.

"కక్కితే ఇద్దర్ని దింపి పో."

సేటు చెప్పులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. లంగర్‌హౌజ్ దాటింది, చేవెళ్ళ దాటింది. గుట్ట మలుపుల దగ్గర బబ్బెర మూతి నాక్కోవడం మొదలుపెట్టింది. కాశమ్మ దాని మొహం కిటికీ గాలికి పెట్టి, "ఇగో వచ్చినం, ఇగో వచ్చినం" అంటూ వీపు నిమిరింది. సీమోను కారును దాదాపు మనిషి నడకన పైకి తెచ్చాడు. సేటు చెప్పులు పొడిగా ఉన్నాయి.

గేటు దగ్గర రాజన్న దుప్పటి కప్పుకుని ఉన్నాడు. బబ్బెర మీదికి దూకితే నిలబడలేక నేల మీద కూర్చుండిపోయాడు. ఆ రోజు దానికో ముక్క తనకో ముక్క తింటూ రొట్టె మొత్తం తిన్నాడు. ఎన్నాళ్ళ తర్వాతో ఆయన తినడం చూసి కాశమ్మకు కడుపు నిండిపోయింది. కుక్కను చూసి అసూయ కూడా పడింది. ఆ రెండూ ఒకేసారి అనిపించాయని తర్వాత తనే చెప్పింది.

సాయంత్రం కారు వచ్చింది. బబ్బెర ఎవరూ చెప్పకుండానే ఎగిరి ఎక్కి, నేర్పిన చోటే, కింద, బుద్ధిగా కూర్చుంది. రాజన్న దాన్నే చూస్తున్నాడు. వచ్చే గురువారం దాకా ఈయన దవాఖానాలో ఆగడని కాశమ్మకు ఆ చూపులోనే తెలిసిపోయింది.

గేటు కాపలా ముసలాయన గుడిసె పక్కనే ఉంది. "నా కాడ ఉండనియ్ బిడ్డా, పొద్దుమాపు వచ్చి చూస్కుంటడు" అన్నాడు.

కాశమ్మ కుక్కను కార్లోంచి ఎత్తి రాజన్న చేతుల్లో పెట్టింది.

"సూదులన్నీ అయినంక ఇద్దరు గల్సి రాండ్రి."

"నువ్వు గూడ ఉంటే బాగుండు" అన్నాడు రాజన్న.

"కుక్కనంటే ఉండనిస్తరు. నన్నెవరు ఉండనిస్తరయ్యా" అని నవ్వి, కారెక్కి తలుపేసుకుంది.

కారు గుట్ట దిగుతోంది. రెండో మలుపులో కాశమ్మ తల కిటికీ బయట పెట్టడం అద్దంలో చూసి సీమోను అడిగాడు.

"వాంతొస్తుందా వదినె?"

అవునని తల ఊపింది. కారు ఆపాడు. ఆమె దిగి, వాళ్ళకు వీపు పెట్టి, రోడ్డు పక్కన గుట్ట వైపు తిరిగి కూర్చుంది. వాంతి లేదు, ఏమీ లేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎవరి కోసమూ నిమిషం ఆగని వైకుంఠం సేటు చీకటి పడేదాకా హారన్ కొట్టనివ్వలేదు.