తొమ్మిది చేతులు

ముందు వినిపించింది రబ్బరు చప్పుడు. టప్. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ టప్. పొడవాటి వరండా చివర, సగం తెరిచిన తలుపు వెనక, ఎవరో తీరిగ్గా చిటికెలు వేస్తున్నట్టుంది. ఆ చప్పుడు వెంట నడిచి వెళితే, గదిలో ఒకావిడ ఒక ముసలాయన చేతికి కట్టిన రబ్బరు పట్టీ విప్పుతోంది.

"అయిపోయింది బాబాయ్. నీకన్నా నీ రక్తమే చురుగ్గా ఉంది," అంది. ఆయన నవ్వేలోపే సూది బయటికి వచ్చేసింది.

ఆ పరిశోధన సంస్థలో అందరూ ఆమెను సూదక్క అంటారు. వయసు యాభై రెండు. ఇరవై తొమ్మిదేళ్ళుగా రక్తం తీయడమే పని. నరాన్ని కళ్ళతో వెతకదు. కళ్ళు మూసుకుని, చీకట్లో గోడ మీద స్విచ్చి కోసం తడిమినట్టు వేలితో తడుముతుంది. వేలు ఆగిన చోట నరం ఉంటుంది. ఇంట్లో ఆమె భర్త, ప్రెస్సులో పని మానేసిన మనిషి, కూరగాయలు తరుగుతూ, "మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంటే ప్రేమో, నరం వెతుకుతోందో ఇప్పటికీ తెలీదు," అంటాడు.

నేను వెళ్ళింది ఆ సంస్థలో జరుగుతున్న ఒక పెద్ద అధ్యయనం గురించి రాయడానికి. ఊరి చివర రాతిపొడి మిల్లు ఉంది. రాయిని మైదాపిండంత మెత్తగా విసిరి, రంగుల కంపెనీలకు సంచుల్లో పంపుతారు. మిల్లు వెనక నాలుగు వీధుల వాళ్ళకు దగ్గు. ఊపిరితిత్తులు ఎండిన స్పాంజిలా గట్టిపడి, నలభై ఏళ్ళకే మెట్లు ఎక్కలేరు. ఆ వీధుల్లో అందరూ ఏదో వరసన చుట్టాలే కాబట్టి, అది వంశంలో వస్తోందని మిల్లు వాళ్ళ వాదన. పొడి వల్లే అని తేలితే ప్యాకింగ్ గదిలో పొడిని లాగే ఫ్యాన్లు పెట్టాలి, దగ్గేవాళ్ళను వేరే పనికి మార్చాలి. వంశమే అని తేలితే ఏమీ చెయ్యక్కర్లేదు.

అది తేల్చడానికి నాలుగు విభాగాలు చేతులు కలిపాయి. జన్యువుల వాళ్ళు రక్తం చూస్తారు. భౌతికశాస్త్రం వాళ్ళ యంత్రం ఊపిరిని కొలుస్తుంది. గణితం వాళ్ళు అంకెలన్నీ కలిపి లెక్క తేలుస్తారు. ప్రజారోగ్యం వాళ్ళు ఆ జవాబును వీధికి చెబుతారు. నాలుగు తలుపులు, నాలుగు బోర్డులు, అందరికీ ఒకటే టీ ఫ్లాస్కు.

అసలు ఆలోచన మాత్రం ఏ బోర్డు లోపలా పుట్టలేదు. ఒకే పోలిక కవలలు దొరికితే తేలిపోతుంది కదా అన్నది సూదక్క. రక్తం ఒకటే, గాలి వేరు. రెండేళ్ళు గడపగడపా తిరిగి తొమ్మిది జంటలను పట్టుకుంది. ప్రతి జంటలో ఒకరు మిల్లులో, ఒకరు బయట. వాళ్ళలో ముప్పై నాలుగేళ్ళ అక్కచెల్లెళ్ళను నేనూ చూశాను. అక్క మిల్లులో ప్యాకింగ్ చేస్తుంది. చెల్లెలు ఇంట్లో కుట్టుమిషను తొక్కుతుంది. ఒకే ముఖాన్ని రెండు అద్దాల్లో చూసినట్టుంటుంది, ఒక అద్దానికి మాత్రం దుమ్ము. చెల్లెలు ఒక వాక్యం పూర్తి చేసే లోపల అక్క మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకుంటుంది.

"దీని వంతు మాటలు కూడా నేనే మాట్లాడేస్తున్నాను," అంది చెల్లెలు. అక్క నవ్వబోయింది. దగ్గు వచ్చింది.

ఫలితం వచ్చిందన్న రోజు నేను సూదక్క గదిలోనే ఉన్నాను. వీధుల్లో పంచమని కరపత్రాల కట్టలు తెచ్చి బల్ల మీద పెట్టారు. నున్నటి కాగితం, నవ్వుతున్న కుటుంబం బొమ్మ. 'ఇది మీ వంశంలో ఉన్న సమస్య. భయపడకండి.' సూదక్క దాన్ని అడుగున ఉన్న చిన్న అక్షరాల దాకా చదివింది. కరపత్రం చేత్తో పట్టుకుని లెక్కల బాబు గదికి నడిచింది. నేను వెనకే.

లెక్కల బాబు నలభై ఏళ్ళ మనిషి, మంచివాడు, మంచివాళ్ళకుండే బద్ధకం ఉన్నవాడు. అతని బల్ల మీద టీ కప్పులో ఆకుపచ్చ బూజు మెత్తగా పెరుగుతోంది.

"బాబూ, నేను గుచ్చింది రెండు వందల పన్నెండు చేతులు. ఇందులో రెండు వందల మూడే ఉన్నాయి. తొమ్మిది చేతులు ఎక్కడ పారేశావు?"

"డూప్లికేట్లు అక్కా. ఒకే మనిషి రక్తం రెండు సీసాల్లో వచ్చింది. జన్యువులు నూటికి నూరు కలిస్తే ప్రోగ్రామ్ ఒకదాన్ని తీసేస్తుంది. మామూలే."

"పుట్టినరోజు కూడా కలిసిందా?"

"ఆ, పుట్టినరోజు, తల్లి పేరు, అన్నీ..." అని ఆగిపోయాడు.

"వాళ్ళు కవలలు నాయనా. రెండేళ్ళు నా చెప్పులరిగేలా తిరిగింది వాళ్ళ కోసమే."

అతని ముఖం తెల్లబోయింది. సూదక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇద్దరిలో ఎవర్ని ఉంచింది నీ ప్రోగ్రామ్?"

"ఎక్కువ రిపోర్టులు ఉన్నవాళ్ళని."

ఎక్కువ రిపోర్టులు ఉండేది ఎవరికి? ఆస్పత్రుల చుట్టూ తిరిగేవాళ్ళకు. అంటే దగ్గే అక్కను ఉంచి, అదే రక్తంతో హాయిగా ఊపిరి పీల్చే చెల్లెల్ని చెరిపేశారు. అలా తొమ్మిది మందిని. రోగం రక్తంలో లేదని చెప్పగలవాళ్ళనే ఒక్క మీట నొక్కి తుడిచేశారు.

పొరపాటు వరకు నాకు కోపం రాలేదు. తర్వాత జరిగినదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదెక్కుతుంది.

గంటలోపే నాలుగు విభాగాలూ పెద్దాయన గదిలో కూర్చున్నాయి. అధ్యయనానికి పెద్ద ఆయనే, జన్యువుల ప్రొఫెసర్. బిస్కెట్ టీలో ముంచితే విరిగి పడిపోయింది. వేలు పెట్టి తీస్తూ అంతా విన్నాడు. వేలు నాకి, "చాలా ఆసక్తికరం," అన్నాడు.

"మా యంత్రం మాత్రం సరిగ్గానే కొలిచింది," అన్నాడు భౌతికశాస్త్రం ఆయన, పెద్ద గండం గడిచినట్టు. ప్రజారోగ్యం మేడమ్ ఫోన్లోంచి తల ఎత్తలేదు.

"ఇది ఇంకో పేపర్ అవుతుంది," అన్నాడు పెద్దాయన. "కవలల మీద విడిగా రాద్దాం, వచ్చే ఏడాది. అప్పటిదాకా బయటికి పొక్కకూడదు. గురువారం సదస్సులో పాత ఫలితమే చెబుతాం. కరపత్రాలు ఎలాగూ అచ్చయిపోయాయి."

ఆ గదిలో ఎవరికీ వాంతి రాలేదు. ఎవరో ఏసీ కాస్త తగ్గించమన్నారు.

సూదక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమెకు కుర్చీ వేయాలని ఎవరికీ తోచలేదు. "అప్పటిదాకా ఆ ప్యాకింగ్ పిల్ల పొడిలోనే కూర్చోవాలా సార్?"

"చూడమ్మా, శాస్త్రం నెమ్మదిగా నడుస్తుంది."

"మీకు పేపరు, దానికి ప్రాణం. పిల్లికి చెలగాటం అని ఊరికే అన్నారా సార్?"

పెద్దాయన పెద్దమనసుతో నవ్వాడు. "ఆ కవలల రక్తం మళ్ళీ కావాలి. నువ్వు తప్ప ఇంకెవరడిగినా చెయ్యి చాపరు. పేపర్లో నీకు కృతజ్ఞతలు చెప్పిస్తాను."

"నేను అడగను."

"ఉద్యోగం గురించి ఆలోచించుకో."

"ఆలోచించే చెబుతున్నాను సార్. ఛీ!"

ఆ ఛీ మెల్లగా వచ్చింది, అన్నంలో రాయి తగిలినట్టు. ఆమె గదికి తిరిగి వచ్చి, నెత్తుటి దూది వేసే పసుపు సంచిలో కరపత్రాల కట్టలన్నీ కుక్కి మూతి బిగించింది. తర్వాత చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది.

మర్నాడు మధ్యాహ్నం లెక్కల బాబు వచ్చాడు. కవలలను కలిపి లెక్క మళ్ళీ చేశాడట. ఒక్క కాగితం. తొమ్మిది జంటల్లో ఎనిమిదింట మిల్లులో ఉన్నవాళ్ళకే జబ్బు. తొమ్మిదో జంటలో ఇద్దరికీ లేదు.

"నేనిచ్చానని చెప్పకక్కా."

"సంతకం పెట్టు."

"అక్కా..."

"సంతకం లేని కాగితం ముక్కు తుడుచుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. కూర్చో. కళ్ళు మూసుకో. చీమ కుట్టినట్టుంటుంది, అంతే." వేలమందికి చెప్పిన మాటే అతనికీ చెప్పింది. అతను నిజంగానే కళ్ళు మూసుకున్నాడు. తెరిచి, సంతకం పెట్టాడు.

ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఆఫీసు నగరం అవతల ఉంది. ఆ మర్నాడు బస్టాపుకు సూదక్క ఆ అక్కచెల్లెళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. ఆ ఉదయమే ఆమెకు సస్పెన్షన్ కాగితం అందింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి విసనకర్రలా ప్యాకింగ్ అమ్మాయికి విసురుతోంది. బస్సు వచ్చింది. వాళ్ళతోపాటు నేనూ ఎక్కి, ఖాళీగా ఉన్న సీట్లో కూలబడి అడిగాను: "ఇన్‌స్పెక్టర్ ఈ కాగితం నమ్మకపోతే ఏం చేస్తావక్కా?"

"అదేం ఆఫీసనుకున్నావు, మూడంతస్తులు. ఆయన కళ్ళముందే వీళ్ళిద్దర్నీ ఒక్క అంతస్తు ఎక్కించి చూపిస్తాను, దాన్ని మించిన లెక్క ఏ బాబూ చెయ్యలేడు. ముందు నువ్వు లే తమ్ముడూ, పిల్లని కిటికీ పక్కన కూర్చోనీ."