గది దోషం, చేతి దోషం: వసుంధర అక్కయ్య

నరసరావుపేటలో చిరకాలం భౌతికశాస్త్రం బోధించిన వసుంధర గారు గత ఆదివారం ఉదయం హృద్రోగంతో పరమపదించారు. నేను శిష్యులకు మృదంగపాఠం చెబుతుండగా ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయింది, మాస్టారూ" అన్నాడు. ఆ మాట విన్నాక కూడా కొంతసేపు నా రెండో చెయ్యి తొడ మీద తాళం వేస్తూనే ఉంది.

మా పక్కవీధిలోనే వారి నివాసం. ఊళ్లో ఎవరింట్లోనైనా కొత్త స్పీకర్లలో మంద్రస్వరం రొద చేస్తోందంటే సరిచేయడానికి ఆమెను పిలిచేవారు. శివరాత్రికి కట్టే ఎత్తైన ప్రభల మీది మైకుల హోరుకు అలవాటుపడిన మా ప్రాంతంలో ఆమెది విచిత్రమైన అభిరుచి. "గుండె అదిరినంత మాత్రాన అది నాదం కాదు తమ్ముడూ, ఉత్త అదురే" అనేవారు.

అరవై దాటాక నేను నా సాధనను రికార్డు చేసుకుని ఇంట్లో వినడం మొదలుపెట్టాను. ఎడమచేతి మంద్రపు దెబ్బలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి గుమ్మని ఒకే మోతగా వినిపించేవి. వార్ధక్యం చేతికి వచ్చిందని నిశ్చయించుకుని, కచేరీలు మాని, మృదంగానికి గుడ్డ కప్పేశాను.

నా భార్య చెప్పగా విని ఆమె వచ్చారు. రికార్డింగు పెట్టించి, నన్ను కుర్చీలోంచి లేపి గదంతా నడిపించారు. గోడ దగ్గర మోత పెరిగింది. గది మధ్యకు రాగానే ఎడమచేతి నాదం దాదాపు మాయమైంది. మూలకు వెళితే చెవులు దిమ్మెక్కాయి.

"ఏంది, నీ చెయ్యి అడుగుకో రకంగా మారుద్దా?" అన్నారు. "పొడవూ వెడల్పూ సమానంగా కట్టిన గది ఇది. మంద్రనాదం గోడలకు తగిలి తిరిగొచ్చి ఒకచోట పోగుపడుద్ది, ఇంకోచోట కొట్టుకుపోద్ది. నువ్వు ఇంటున్నది నీ చేతిని కాదు, గదిని."

ముందు గోడలకు పల్చని స్పాంజి పలకలు అంటించి చూశారు. పైస్వరాలు చచ్చుబడ్డాయి, మోత అలాగే ఉంది. "నేనే పొరపడ్డా, పీకేద్దాం" అని నిస్సంకోచంగా ఒప్పుకున్నారు. మంద్రనాదపు పొడవైన అలను పట్టడానికి మందం కావాలంటూ తన తమ్ముడి జిన్నింగు మిల్లు నుంచి పత్తి తెప్పించారు. నేల నుంచి కప్పు దాకా చెక్క చట్రాల్లో దాన్ని కూరి, గుడ్డ బిగించి, మూలల్లో నిలబెట్టించారు. నా కుర్చీని వెనకగోడకు దూరంగా జరిపించారు.

"మూలమూలా పరుపులు నిలబెట్టినట్టుంది అక్కయ్యా" అని నా భార్య గొణిగింది.

"చూడమాకమ్మా, విను" అన్నారు.

అదే రికార్డింగు మళ్లీ వేశారు. దెబ్బ దెబ్బా విడివిడిగా వినిపించింది. నాకు కళ్లు చెమర్చాయి. ఆమె మాత్రం మరోసారి వేయించి శ్రద్ధగా విన్నారు.

"చానా మటుకు గది చేసిందే. కానీ ఇక్కడ, వేగం పెరిగినప్పుడు, ఎడమచెయ్యి వెనకబడతంది. ఇది మాత్రం నీదే. దీనికి పత్తి పనిచెయ్యదు, సాధన చెయ్."

ఆ మాట నొప్పించింది. అయినా మరునాడే సాధనకు కూర్చున్నాను. తరువాతి శివరాత్రికి కోటప్పకొండ మీద వాయించాను. కొండ దిగుతూ "ఇప్పుడు బానే ఉంది" అన్నారు. అంతకు మించిన ప్రశంస ఆమె నోట నేనెన్నడూ వినలేదు.

రాగద్వేషాలు అంటని ఆ శ్రవణశక్తికి, ప్రియమైనా అప్రియమైనా ఉన్నదే పలికిన ఆ వాక్కుకు నమస్కరిస్తున్నాను.

నిన్న ఒక కల్యాణమండపంలో సంతాపసభ జరిగింది. వక్తలు ఆమె విద్వత్తును గంభీరస్వరంతో కీర్తించారు. మోతలో మాటలు కలగాపులగమై వెనకవరుసలకు ఒక్కటీ అర్థం కాలేదు. ఆమె ఉంటే లేచివెళ్లి, మైకు ఆపించి, స్పీకర్లు జరిపించి, మళ్లీ మొదలుపెట్టమనేవారు. మేమంతా వింటున్నట్టే కూర్చున్నాం. ఎవరమూ లేవలేదు.